ఎల్‌1 తీసేస్తే ఆర్టీసీ కొనుగోళ్లు బాగుపడతాయా?

మీరు అడిగింది ఇదీ: మీ రవాణా సంస్థలో కొనుగోలు, కాంట్రాక్టు నిబంధనలు తిరగరాయడానికి కమిటీ వేశారు, మీరూ అందులో సభ్యులు. ఎలక్ట్రిక్ బస్సుల టెండర్లకు ఒకరిద్దరే వస్తున్నారు. విడిభాగాలు నాసిరకంవి దిగుతున్నాయి. అందుకని ఎల్‌1 (అందరికన్నా తక్కువ ధర చెప్పినవాడికే కాంట్రాక్టు ఇచ్చే పద్ధతి) ఎత్తేసి, నాణ్యతకు మార్కులు వేసే పద్ధతి తేవాలని కమిటీలో ఎక్కువమంది అంటున్నారు. అది సరిపోతుందా, అసలు ముందు దేని మీద చెయ్యి వెయ్యాలి, కన్సల్టెంటును పెట్టుకోవాలా అన్నవి మీ ప్రశ్నలు.

ఆర్టీసీలో స్టోర్స్, కొనుగోళ్లు, ఆ తరవాత అద్దె బస్సుల కాంట్రాక్టులు చూసి రిటైరైనవాణ్ణి. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఎల్‌1 మీద పెట్టబోయే శ్రమలో సగం బిల్లుల చెల్లింపు మీద పెట్టండి. మన కొనుగోలు మాన్యువల్ ఏది తెరిచినా టెండరు ప్రకటన నుంచి అగ్రిమెంటు మీద సంతకం దాకా పేజీలకు పేజీలు ఉంటాయి. సంతకం అయ్యాక పన్నెండేళ్లు నడవాల్సిన కాంట్రాక్టును ఎవరు చూసుకోవాలి, బిల్లు ఎన్ని రోజుల్లో పాసవ్వాలి, పరిస్థితులు మారితే రేటు ఎలా సవరించాలి అన్నదానికి ఒక్క పేజీ ఉండదు. బిడ్డరు మాత్రం ఆ లేని పేజీనే ముందు చదువుతాడు.

విడిభాగాలు సరఫరా చేసే ఒకాయన నా టేబుల్ ముందు కూర్చుని ఉన్నమాట చెప్పాడు: "సార్, ట్రావెల్స్ వాళ్లకిచ్చే రేటు వేరు, మీకిచ్చే రేటు వేరు. సరుకు ఒకటే. చెక్కు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఆ వడ్డీ ముందే వేసుకుంటాం." ఆయన చిన్న పరిశ్రమ కింద నమోదైనవాడే. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ లెక్కన కట్టాలి. చట్టం ఇంత గట్టిగా ఉన్నా ఆయన ఎప్పుడూ ఇలాంటి బకాయిల ఫిర్యాదులు తేల్చే కౌన్సిల్‌కు వెళ్లలేదు. వెళ్తే తరవాతి ఆర్డరు రాదని భయం. ఆ భయాన్ని కూడా రేటులో కలిపాడు. కడుతున్నది మనమే, కాకపోతే వడ్డీ అనే పద్దు కింద కనిపించదు.

కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరు 29న కొనుగోళ్లు, ప్రాజెక్టుల మీద సాధారణ సూచనలు ఇచ్చింది. చాలామంది అందులో నాణ్యతకు మార్కుల సంగతి ఒక్కటే చదివారు. అందులోనే ఇంకో మాట ఉంది: నడుస్తున్న పనుల బిల్లు అందిన 10 పని దినాల్లో కనీసం 75 శాతం ఇచ్చెయ్యాలి, మిగతాది పరిశీలన ముగించి 28 పని దినాల్లో ఇవ్వాలి. ఇవి కేంద్ర సంస్థలకు రాసినవి, మీ సంస్థను కట్టడి చెయ్యవు. కానీ ఆ వాక్యాన్ని మీ నిబంధనల్లోకి తెచ్చుకోవద్దని ఎవరూ అనరు. తెచ్చుకునేటప్పుడు ఒక జాగ్రత్త. "వీలైనంత త్వరగా", "నిధుల లభ్యతను బట్టి" అనే మాటలు ఫైనాన్స్ విభాగం నుంచి తప్పకుండా వస్తాయి. అవి చేరితే ఆ నిబంధన ఉన్నా లేనట్టే.

ఎలక్ట్రిక్ బస్సుల్లో ఇదే కథ పెద్ద ఎత్తున నడిచింది. 2022లో కేంద్ర సంస్థ సీఈఎస్ఎల్ ఐదు నగరాలకు (కోల్‌కతా, ఢిల్లీ, బెంగళూరు, హైదరాబాద్, సూరత్) కలిపి 5,450 బస్సులకు ఒకే టెండరు పిలిచింది. బస్సు, డ్రైవరు, నిర్వహణ కంపెనీవి, కిలోమీటరుకు ఇంతని సంస్థ కడుతుంది. 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు 43.49 రూపాయలు, 9 మీటర్ల దానికి 39.21 రూపాయలు పలికాయి, ఛార్జింగ్ కరెంటు ఖర్చుతో సహా. అందరూ చప్పట్లు కొట్టారు. ధర తగ్గడానికి కారణాలు ఉన్నాయి: కేంద్ర సబ్సిడీ, ఒకేసారి పెద్ద సంఖ్య, అన్ని నగరాలకూ ఒకే రకం అగ్రిమెంటు. అదీ ఎల్‌1 పద్ధతే, గమనించండి. కానీ బస్సుల కంపెనీలు అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నది ఒకటే: రేపు ఆర్టీసీ డబ్బు కట్టకపోతే ఎవరు కడతారు? రవాణా సంస్థల బ్యాలన్స్ షీట్లు చూసిన ఏ బ్యాంకైనా అదే అడుగుతుంది. జవాబు 2024 సెప్టెంబరులో వచ్చింది. కేంద్ర మంత్రివర్గం 3,435 కోట్ల రూపాయలతో చెల్లింపు భద్రతా నిధికి ఆమోదం తెలిపింది. సంస్థ బిల్లు కట్టకపోతే ఆ నిధి నుంచి సీఈఎస్ఎల్ కడుతుంది, తరవాత రాబట్టుకుంటుంది. అందుకోసం రిజర్వు బ్యాంకులో ఉన్న రాష్ట్ర ఖాతా నుంచి నేరుగా మళ్లించుకునే అధికారపత్రం రాష్ట్రం ముందే రాసివ్వాలి.

మీ కమిటీలో ఆర్థిక శాఖ ప్రతినిధి ఉంటే ఆ అధికారపత్రం మాట ఎత్తి చూడండి, ఆయన ముఖం చూస్తే మీకే అర్థమవుతుంది. అయినా ఎత్తాలి. కేంద్ర పథకంలోకి రాని కాంట్రాక్టులకు ఎస్క్రో ఖాతా (ఆ బిల్లులకు తప్ప ఇంకోదానికి తియ్యకుండా బ్యాంకు చేతిలో ఉండే ఖాతా) పెట్టి, టికెట్ రాబడిలో కొంత భాగం రోజువారీగా ముందు అందులో పడేట్టు చెయ్యొచ్చు. ఉచిత ప్రయాణం అమల్లో ఉన్నచోట ఆ టికెట్ రాబడి తగ్గి, ప్రభుత్వం ఇచ్చే రీయింబర్స్‌మెంటు పెరుగుతుంది కాబట్టి ఎస్క్రోలోకి దాన్ని కూడా లాక్కురావాలి. లేకపోతే ఆ ఖాతా పేరుకే మిగులుతుంది.

ఇప్పుడు ఎల్‌1. విడిభాగాల విషయంలో దాన్ని తీసెయ్యక్కర్లేదు, అది కొలిచేదాన్ని మారిస్తే చాలు. బ్రేక్ లైనింగ్ తీసుకోండి. లెక్క పద్ధతి కోసం ఊహించిన అంకెలివి: ఒక కంపెనీ సెట్టు 1,800 రూపాయలు, 30 వేల కిలోమీటర్లు వస్తుంది. ఇంకోటి 2,300, వచ్చేది 45 వేలు. సెట్టు ధర చూస్తే మొదటివాడు ఎల్‌1. వెయ్యి కిలోమీటర్లకు ఎంత పడిందో చూస్తే మొదటివాడికి 60 రూపాయలు, రెండోవాడికి 51. ఇందులో బస్సును పిట్ మీదికి ఎక్కించి, డ్రమ్ములు ఊడదీసి, లైనింగ్ మార్చిన మెకానిక్ గంటలు కలపలేదు. ఆ పూట రద్దయిన ట్రిప్పూ కలపలేదు. "కిలోమీటరుకు తక్కువ ఖర్చు పడేదే ఎల్‌1" అని టెండరు పత్రంలో ముందే సూత్రం రాసేస్తే రెండోవాడే చట్టబద్ధంగా ఎల్‌1 అవుతాడు. ఆడిట్ అడిగితే చూపించడానికి లెక్క ఉంటుంది. టైర్ల విషయంలో రవాణా సంస్థలకు ఇది కొత్త కాదు. ప్రతి టైరుకూ కార్డు ఉంటుంది, కొత్తగా ఎన్ని కిలోమీటర్లు వచ్చింది, రీట్రెడ్ చేశాక ఎన్ని వచ్చింది అన్నది డిపోల్లో రాసి పెడతారు. అలాంటి రికార్డు క్లచ్ ప్లేటుకూ, లైనింగుకూ, బ్యాటరీకీ ఉంటే సగం గొడవ తీరిపోతుంది.

గొడవ ఎక్కడంటే, ఏ బ్రాండు లైనింగ్ ఎప్పుడు కీచుమంటుందో డిపో మెకానిక్‌కు కళ్లు మూసుకుని తెలుసు. ఆ సంగతి కొనుగోలు కమిటీ ఫైల్లోకి ఎక్కడానికి దారి లేదు. ఆర్టీసీలన్నీ కలిసి 1965లో పెట్టుకున్న ఏఎస్‌ఆర్‌టీయూ సమాఖ్య అన్నిటికీ కలిపి కుదిర్చే రేటు కాంట్రాక్టుల నుంచి తీసుకున్నా అంతే. రేటు ఢిల్లీలో ఖరారవుతుంది, అరుగుదల మన డిపోలో తెలుస్తుంది. కాబట్టి మీ నిబంధనల్లో ఒక వాక్యం పెట్టించండి: గత కాంట్రాక్టులో ఆ సరుకు డిపోల్లో ఎంత నడిచిందో నివేదిక లేకుండా కొనుగోలు ఫైలు కమిటీ ముందుకు రాకూడదు. కొత్త సరఫరాదారులకు దారి మూసుకుపోతుందని ఎవరైనా అంటే, వాళ్లకు చిన్న పరిమాణంలో ట్రయల్ ఆర్డరు ఇవ్వొచ్చని రాయండి.

మార్కుల పద్ధతి గురించి నాకు అంత ఉత్సాహం లేదు. కేంద్రం 2021 సూచనల్లో కూడా అధికారం ఉన్నవారు ఆ పనిని నాణ్యతే ప్రధానమైనదని ప్రకటించినప్పుడే పనులకు, సేవలకు దాన్ని అనుమతించింది, నాణ్యత వాటా 30 శాతం మించకూడదంది. సాఫ్ట్‌వేరు, సిగ్నలింగు, డిపోల డిజైను వంటి వాటికి పనికొస్తుంది. లైనింగులకు, ఫిల్టర్లకు, యూనిఫాం గుడ్డకు మార్కులేంటి? ప్రెజెంటేషన్ బాగా ఇచ్చినవాడు గెలుస్తాడు. మార్కులేసిన ముగ్గురు అధికారులు తరవాత పదేళ్లు విజిలెన్స్‌కు జవాబులు రాసుకుంటారు.

ఇక స్పెసిఫికేషన్లు. దీనిమీద మీ కమిటీ చదవాల్సిన తీర్పు ఒకటుంది: టాటా మోటార్స్‌కూ, ముంబైలో సిటీ బస్సులు నడిపే బెస్ట్ సంస్థకూ మధ్య కేసు. 2022 ఫిబ్రవరిలో బెస్ట్ 1,400 ఎలక్ట్రిక్ బస్సులకు టెండరు పిలిచింది. 80 శాతం ఛార్జింగ్‌తో, ఒక్క ఛార్జింగ్ మీద, మధ్యలో ఆగకుండా 200 కిలోమీటర్లు నడవాలన్నది షరతు. మధ్యలో విరామ సమయంలో కొంత ఛార్జింగ్ పెట్టుకునే పద్ధతితో వచ్చిన టాటా బిడ్‌ను సాంకేతిక దశలోనే పక్కన పెట్టారు. ఇంకో కంపెనీకి ఖరారు చేశారు. ఆ కంపెనీ నుంచి ఒక అనుబంధ పత్రం సవరించి తీసుకున్నారన్న వివాదం అదనం. 2022 జులైలో బాంబే హైకోర్టు టాటాను తప్పించడం సరే అంటూనే గెలిచినవాళ్ల ఎంపికనూ కొట్టేసింది. 2023 మే 19న సుప్రీంకోర్టు రెండో భాగాన్ని తోసిపుచ్చి, ఇలాంటి టెండర్లలో కోర్టులు సంయమనం పాటించాలంది. చివరికి బెస్ట్ నెగ్గింది, నిజమే. టెండరు ప్రకటనకూ తీర్పుకూ మధ్య పదిహేను నెలలు గడిచాయి, అది కూడా నిజమే.

ఆ షరతు తప్పని నేననను. ముంబై ట్రాఫిక్‌లో మధ్యలో ఛార్జింగ్‌కు చోటు దొరకదనే కారణం వాళ్లకు ఉండే ఉంటుంది. కానీ ఆ కారణం లేని ఊళ్లలో కూడా అదే వాక్యాన్ని ఎత్తిరాసుకుంటారు చూడండి, అక్కడ నాకు అభ్యంతరం. రోజుకు 180 కిలోమీటర్లు నడిచి, మధ్యాహ్నం రెండు గంటలు డిపోలో నిలబడే బస్సుకు 200 కిలోమీటర్ల ఏకబిగి పరుగు ఎందుకు? పెద్ద బ్యాటరీ కొనాలి, దాని బరువు మోయాలి, ధర కట్టాలి. మనకు కావాల్సింది టైంటేబుల్ ప్రకారం బస్సు రావడం. టెండరుకు రూట్ల వారీ షెడ్యూలు, డెడ్ కిలోమీటర్లు (ప్రయాణికులు లేకుండా తిరిగేవి), డిపోలో ఆగే వేళలు, అక్కడ ఎంత కరెంటు ఇవ్వగలమో జతపరిచి, "ఇది నడపాలి, ఎలా ఛార్జ్ చేసుకుంటావో నీ ఇష్టం" అంటే ముగ్గురు నలుగురు వస్తారు. ప్రీ-బిడ్ సమావేశంలో వచ్చిన ప్రతి ప్రశ్నకూ కారణంతో సహా రాతపూర్వక జవాబు ఇవ్వడం తప్పనిసరి చెయ్యండి. "టెండరు షరతు ప్రకారమే" అన్న మూడు మాటల జవాబుల వల్లే సగం రిట్ పిటిషన్లు పుడతాయని నా అనుభవం.

అన్నట్టు కరెంటు అన్నాను కదా. డిపోకు హెచ్‌టీ (హై టెన్షన్) లైను, సబ్‌స్టేషను తేవాల్సింది చాలా కాంట్రాక్టుల్లో సంస్థే. బస్సులు ఆలస్యమైతే కంపెనీకి వారానికి ఇంత అని జరిమానా రాస్తాం. లైను ఆలస్యమై బస్సులు షెడ్డులో నిలబడితే మన మీద ఏముంటుంది? ఏమీ ఉండదు. ఉండాలి. కాంట్రాక్టులో మన బాధ్యతలకూ తేదీలు, తప్పితే పరిహారం రాస్తేనే డిస్కంతో, అంటే కరెంటు పంపిణీ సంస్థతో, ఉత్తరాలు కదులుతాయి.

పరిస్థితులు మారినప్పటి సంగతికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. నెల తిరక్కుండానే అద్దె బస్సుల యజమానులు జనవరి 5 నుంచి సమ్మె అంటూ నోటీసు ఇచ్చారు. వాళ్ల ఫిర్యాదు ఏమిటి? బస్సులో జనం కిక్కిరిసిపోతున్నారు, కేఎంపీఎల్ పడిపోతోంది, టైర్లు అరిగిపోతున్నాయి, అంతమంది ఎక్కినప్పుడు ప్రమాదం జరిగితే బీమా సంగతేంటి? కేఎంపీఎల్ అంటే లీటరుకు వచ్చే కిలోమీటర్లు. అద్దె బస్సు పద్ధతి తెలిసినవాళ్లకు ఆ మాట బరువు తెలుసు. నిర్ణయించిన దానికన్నా డీజిల్ ఎక్కువ తాగితే ఆ తేడా యజమాని బిల్లులోంచి కోతపడుతుంది. యాజమాన్యం పిలిచి మాట్లాడింది, సమ్మె ఆగింది. కానీ నా దృష్టిలో అది చర్చలతో తేల్చాల్సిన విషయం కానే కాదు. ప్రభుత్వ విధానం మారి లోడు ఇంత శాతం దాటితే కేఎంపీఎల్ లక్ష్యం ఇంత సడలుతుంది, కిలోమీటరు రేటులో ఇంత కలుస్తుంది అని కాంట్రాక్టులోనే పట్టిక ఉంటే డిపో మేనేజరు స్థాయిలోనే తేలేది. కరెంటు టారిఫ్, కనీస వేతనాలు, ధరల సూచీ, వీటన్నిటికీ రేటు సవరణ సూత్రం రాయాలి. రాయకపోతే రెండు దారులే: బిడ్డరు మొదట్లోనే అన్నీ కలిపి ఎక్కువ కోట్ చేస్తాడు, లేదా తక్కువ కోట్ చేసి మధ్యలో బస్సులు వదిలేసి పోతాడు. ముంబైలో 2022 నుంచి అద్దె బస్సుల ఆపరేటర్లు గిట్టుబాటు కావట్లేదంటూ ఒకరి వెనుక ఒకరు తప్పుకోవడం చూశాం.

ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన ముందస్తు న్యాయ పరిశీలన చట్టం, రివర్స్ టెండరింగ్ (వచ్చిన తక్కువ ధర నుంచి మళ్లీ కిందికి పాడించడం) గురించి మీ కమిటీలో ఎవరైనా తప్పకుండా ఎత్తుతారు. 100 కోట్లు దాటిన టెండరు పత్రాలను న్యాయమూర్తి ముందు పెట్టడం, వారం రోజులు జనానికి చూపించడం మంచి ఆలోచనే, ముఖ్యంగా ఆ వారం రోజులు. ప్రభుత్వం మారాక 2024లో ఆ చట్టాన్నీ, రివర్స్ టెండరింగ్‌నూ ఎత్తేశారు. అయితే ఈ రెండూ కూడా సంతకానికి ముందు కథే. ఎంత పరీక్షించి పెళ్లి చేసినా కాపురం ఎలా సాగుతోందో చూసే పెద్ద లేడు.

ఆ పెద్ద ఎవరన్నది నిబంధనల్లో రాయండి. ప్రతి పెద్ద కాంట్రాక్టుకూ పేరున్న ఒక కాంట్రాక్టు మేనేజరు, కనీసం మూడేళ్లు కదపకూడదు. నెలకోసారి కిలోమీటర్ల లెక్క, జీపీఎస్ డేటా, కోతలు, పెండింగ్ బిల్లులు ఒకే కాగితం మీద. ఆ డేటా సంస్థ సొత్తని, కాంట్రాక్టు ముగిసినా అప్పగించాలని రాయడం మరిచిపోకండి.

భయం గురించి కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మన రూల్సులో సగం దానికోసమే ఉన్నాయి. ఒక్క బిడ్డే వచ్చిందా, రీ-టెండర్. ఎందుకని అడిగితే రూల్ అంటారు. అలాంటి రూల్ లేదు. తగినంత ప్రచారం, సమయం ఇచ్చి, షరతులు మితిమీరకుండా, ధర సమంజసంగా ఉంటే ఒక్క బిడ్డునూ ఆమోదించొచ్చని కేంద్ర మాన్యువల్సే చెబుతాయి. ధర తగ్గించమని ఎల్‌1ను తప్ప ఇంకెవరినీ బేరమాడకూడదని, అది కూడా అసాధారణ పరిస్థితుల్లోనే అని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2007లోనే చెప్పింది. ఇవి తెలిసీ రీ-టెండర్‌కు పోతారు, ఎందుకంటే రీ-టెండర్ వల్ల అయిన నష్టానికి ఏ అధికారికీ మెమో రాదు, ఆమోదిస్తే వస్తుంది. అందుకని రద్దు చేసే ఫైల్లో కూడా కారణాలు, ఆలస్యానికయ్యే ఖర్చు లెక్కగట్టి రాయాలని షరతు పెట్టండి. రెండు వైపులా కలం కదిలితే నిర్ణయాలు వాటంతటవే బాగుపడతాయి.

అధికారాల బదలాయింపు కూడా దీనిలో భాగమే. 2022 మొదట్లో బల్క్ డీజిల్ (ఆర్టీసీల వంటి పెద్ద కొనుగోలుదారులు కంపెనీల నుంచి నేరుగా కొనేది) ధర బంకు ధరను దాటిపోయింది, మార్చిలో ఒకేసారి లీటరుకు 25 రూపాయల దాకా పెరిగింది. రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలూ బస్సుల్ని బయటి బంకులకు పంపాయి. ఇలాంటప్పుడు నిర్ణయం రోజుల్లో జరగాలి. ఫైలు బోర్డు దాకా వెళ్లి రావాలంటే ఆ లోపు ధర ఇంకోలా ఉంటుంది. మీ సంస్థ 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద ఏర్పడిందే అయితే, 45వ సెక్షన్ ప్రకారం రెగ్యులేషన్లు చేసుకునే అధికారం సంస్థకే ఉంది, రాష్ట్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలి. కానీ మీరు మార్చాలనుకున్న వాటిలో చాలాభాగం రెగ్యులేషన్లలో ఉండదు, పాత సర్క్యులర్లలో ఉంటుంది. ముందు ఆ రెంటినీ విడదీయండి. ఎండీ సంతకంతో పోయేవి మొదట తేల్చెయ్యండి, ప్రభుత్వానికి వెళ్లాల్సినవి ఒక్క ప్రతిపాదనగా పంపండి. అన్నీ కలిపి పంపితే అన్నీ సచివాలయంలో కూర్చుంటాయి.

ఖర్చు లేని పని ఇంకొకటి. లండన్‌లో 1985 నుంచి బస్సు రూట్లను టెండర్ల మీద ఇస్తున్నారు. ఏ రూటుకు ఎన్ని బిడ్లు వచ్చాయి, ఎంతకు ఖరారైందో వాళ్ల రవాణా సంస్థ వెబ్‌సైట్లో పెడుతుంది. 2001 నుంచి ప్రయాణికుడు అదనంగా ఎంతసేపు వేచి ఉండాల్సి వచ్చిందో కొలిచి, దాన్ని బట్టి ఆపరేటర్‌కు బోనస్, కోత రెండూ వేస్తున్నారు. మన కాంట్రాక్టుల్లో కోత ఒక్కటే ఉంటుంది. బోనస్ పెట్టమంటే ఆడిట్ ఒప్పుకోదంటారు. టెండరులోనే రాసి ఉంటే ఆడిట్‌కు అభ్యంతరం ఉండాల్సిన పనిలేదు. ఫలితాలు ప్రచురించడానికైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు, రేపే మొదలుపెట్టొచ్చు.

కన్సల్టెంటు విషయం. కిలోమీటరు రేటు మోడల్ వెయ్యడానికి, రేటు సవరణ సూత్రాలు పరీక్షించడానికి పెట్టుకోండి, ఆ పని మన దగ్గర చేసేవాళ్లు తక్కువ. స్పెసిఫికేషన్ రాసే పని ఇవ్వొద్దు. ఇస్తే పక్క రాష్ట్రం టెండరులో ఊరు పేరు మార్చి తెస్తారు, ఒక్కోసారి ఆ పేరు మార్చడం కూడా మరిచిపోతారు. ఏ సంస్థ టెండరు పత్రం రాసిందో అదే సంస్థ బిడ్లను మూల్యాంకనం చెయ్యకూడదని మీ నిబంధనల్లో పెట్టండి. స్పెసిఫికేషన్ రాసే కమిటీలో ఇద్దరు డిపో మేనేజర్లను, ఒక వర్క్‌షాప్ ఇంజనీరును కూర్చోబెట్టండి, వాళ్లకు ఆ నెలంతా డిపో పని నుంచి మినహాయింపు ఇచ్చి.